నాకొద్దని రాసే కాగితం

“ఎడమ దిక్కుది పెట్టున్రి సార్. కుడి దిక్కుది పని చెయ్యదు.”

ప్రొజెక్టర్ వైరుతో తంటాలు పడుతున్న జైపాల్ తలెత్తి చూశాడు. ముందు వరుసలో, మొదటి కుర్చీలో కూర్చున్న అమ్మాయి. ఎడమవైపు ప్లగ్గులో పెట్టగానే తెర మీద అతను పనిచేసే కంపెనీ పేరు వెలిగింది. సాయానికి కాలేజీవాళ్లు పెట్టిన పిల్ల కాబోలు అనుకుని థాంక్స్ చెప్పాడు.

ఈ వారంలో ఇది నాలుగో కాలేజీ. కారు డిక్కీలో రెండు వందల నీళ్ల సీసాలు, రెండు వందల టీషర్టులు, ఫొటోలు దిగడానికి అట్టతో చేసిన పెద్ద చట్రం. పెళ్లిలో సామాన్లు మోసే మేనమామలా వాటిని ఊరూరా తిప్పుతున్నాడు. గోదావరిఖని రోడ్డు మీద బొగ్గు లారీల వెనక గంటసేపు పాకి వచ్చేసరికి నడుము పట్టేసింది.

ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మేనేజర్.

“హాలు నిండిందా?”

“నిండింది సార్. ఈసారి ఎంతమందిని తీసుకుంటారని అడుగుతారేమో.”

“ఈ ఏడు ఎవర్నీ తీసుకోవడం లేదని తెలుసుగా. పాతవాళ్లకే జాయినింగ్ డేట్లు ఇవ్వలేక చస్తున్నాం.”

“మరి నన్నెందుకు సార్ తిప్పడం?”

“మన పేరు పిల్లల నోళ్లలో నానాలయ్యా. రేపు అవసరం పడ్డప్పుడు మర్చిపోతే ఎలా? గట్టిగా అడిగితే ప్రాసెస్‌లో ఉందని చెప్పు. నీకు ఆ యాస ఉందిగా, కానియ్.”

ఆ యాస వల్లే ఎనిమిదేళ్లుగా బొగ్గు ప్రాంతమంతా జైపాల్ నెత్తిన పడింది. అతనిది బెల్లంపల్లి. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మొదట్లో ఆ సంగతి మనసులోంచి చెప్పేవాడు. ఇప్పుడు మూడో స్లైడు రాగానే చెబుతున్నాడు.

“మా నాయన గూడ బాయి పనే చేసిండు. మూడు షిఫ్టులు తిరిగిండు. నేను ఏసీల కూసున్న. తేడా ఏంది? ఒక్క ఆఫర్ లెటర్.”

చప్పట్లు మోగాయి. తర్వాత వీడియో. అందులో ఈత కొలను పక్క కంపెనీది. రెండిటికీ గేటు ఒకటే కాబట్టి చూపించినా తప్పు లేదని ఆఫీసులో తేల్చారు.

“మా క్యాంటీన్ల బువ్వ ఫ్రీ. చేరినప్పుడు నేను అరవై కిలోలు. ఇప్పుడైతే…”

ముందు వరుస అమ్మాయి అప్పటికే చిన్నగా నవ్వింది. చురుకైన పిల్ల, అనుకున్నాడు.

“…లిఫ్టు నన్ను జూసి భయపడ్తది.”

హాలంతా నవ్వింది. జైపాల్‌కు మాత్రం ఆ జోకు మీద ఎప్పుడో విరక్తి పుట్టింది.

చివర్లో సీసాలు పంచాడు. అన్నీ నీలం రంగువి. కంపెనీ రంగు కిందటేడే నారింజ నుంచి నీలానికి మారింది. ముందు వరుస అమ్మాయి చెయ్యి చాపలేదు.

“నాకున్నది సార్,” అని ఒళ్లోని నారింజ సీసా చూపించింది. దాని మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయింది. ఏ సీనియరో ఇచ్చి ఉంటారు.

పిల్లలంతా వెళ్లిపోయారు. జైపాల్ చట్రం మడతపెడుతుంటే ఆమె దగ్గరికొచ్చింది.

“ఒక మాట అడుగుదునా సార్?”

“అడుగు చెల్లె. పేరేంది?”

“సారిక. మా నాయనది బాయిల డ్యూటీ. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నది. ఆయన బదులు ఆ నౌకరి ఇంట్ల ఒక్కరికే ఇస్తరు. తమ్ముడు ఇంటర్ తప్పిండు. ఆనికి రావాలంటె, నాకొద్దని నేను రాసియ్యాలె. ఒక్కసారి రాసిస్తె మళ్ల అడగరాదు.”

జైపాల్‌కు ఆ కాగితం సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో అక్కాతమ్ముళ్ల మధ్య నలిగేది అదే.

“మీ కంపెనీ ఆఫర్ లెటర్ ఇస్తె, దాన్ని నమ్ముకొని రాసియ్యొచ్చునా సార్?”

ఇలాంటివి అడిగినవాళ్లకు ధైర్యం చెప్పి పంపడమే అతని ఉద్యోగం. ఆ ధైర్యం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె సీసాను రెండు చేతులతో పట్టుకుని నిలబడిన తీరు చూస్తే ఇవాళ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అలసిపోయాడు. మేనేజర్ చెవిన పడితే పడనీ, అనుకున్నాడు.

“రాసియ్యకు చెల్లె.”

సారిక ఇంకో అడుగు ముందుకొచ్చింది.

“మావోళ్లు ఈ ఏడు ఎవ్వల్ని తీస్కుంటలేరు. లెటర్లు ఇచ్చినోళ్లను గూడ ఇంకా పిలువలేదు. నాయన నౌకరి కండ్ల ముంగట ఉండంగ మా కాగితాన్ని నమ్ముకోకు. ఆడపిల్లలకు గూడ ఇస్తున్నరు. తమ్మునికి ఇంకేదన్న చూసుకోవచ్చు. నువ్వే చేరు.”

“నిజమేనా సార్?”

“మా నాయన మీద ఒట్టు. ఈ మాట నేనే చెప్పిన్నని మాత్రం ఎవ్వలకు చెప్పకు.”

చెప్పేశాక గుండె తేలికపడింది. ఎనిమిదేళ్లలో ఒక్క పిల్లకైనా మేలు చేశాననిపించింది. నడుము నొప్పి కూడా కాస్త తగ్గినట్టుంది.

సారిక అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. నారింజ సీసాను మెల్లగా బల్ల మీద, నీలం సీసాల పక్కన పెట్టింది.

“రెండేండ్ల కింద మీరు రాసియ్యమంటెనే రాసిచ్చిన సార్.”