సెల్లార్‌లో మేల్కొన్న కారు

అర్ధరాత్రి దాటాక రాఘవేందర్‌కు ఛాతీలో నొప్పి మొదలైంది. భార్య అరుంధతి ఆయన్ను పట్టుకుని, అశోక్‌నగర్‌లోని తమ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి దింపింది. లైసెన్స్ వచ్చి నెలైనా ఆమె ఒక్కతే కారు నడిపింది లేదు.

వాళ్ల ఎలక్ట్రిక్ కారును ఫోన్‌లో యాప్‌తో లేపితే తప్ప తలుపు తెరుచుకోదు. లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. లిఫ్ట్ దిగుతూనే ఆమె యాప్‌లో బటన్ నొక్కింది. "లేపుతున్నాం" అంటూ తెర మీద చక్రం తిరగసాగింది.

కానీ చీకట్లో కారు అప్పటికే లేచి ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. లోపల ఏసీ సన్నగా హోరుమంటోంది. వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఫోన్‌లో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అరుంధతి ఒక్క క్షణం లిఫ్ట్ వైపు చూసి, మళ్లీ కారు వైపు తిరిగింది.

"ఏందిది?" అన్నాడు రాఘవేందర్, ఊపిరి అందక.

"తర్వాత చూద్దాం. మీరు ముందు సీట్ల ఎక్కుండ్రి." వెనక తలుపు మూసేసి ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది.

నారాయణగూడ చౌరస్తా దాటేదాకా ఆమె అద్దంలో వెనక సీటు వైపు చూడలేదు. చూపు రోడ్డు మీదే నిలిపి నడిపింది.

తెల్లవారుజామున ఆసుపత్రిలో డాక్టర్ బయటికొచ్చి, "టైమ్‌కు తెచ్చిండ్రమ్మ, గండం గడిచింది" అన్నాడు.

లోపల మంచం మీంచి రాఘవేందర్ మెల్లగా అడిగాడు. "కారెవరు లేపిన్రే?"

"నాకు తెల్వదు." అరుంధతి ఆయన చెయ్యి పట్టుకుని నవ్వింది. "నడిపింది మాత్రం నేనే."