కిటికీలు మూసే కాలం

పోస్టులో వచ్చిన చిన్న నల్లడబ్బాను టేబుల్ మీద పెట్టి అర్వో దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"తెప్పించావా, చివరికి?" అంది హిల్కా, భర్త కప్పులో కాఫీ పోస్తూ.

"పక్కింటి యోర్మా వాళ్లింట్లో కొలిస్తే బాగా ఎక్కువ వచ్చిందట. వాళ్లదీ మనదీ ఒకే మిట్ట. కింద అంతా అదే గులకరాళ్ల నేల."

"వచ్చే చలికాలం చూద్దాం అన్నాను కదా."

"పోయిన చలికాలం కూడా అదే అన్నావు."

ఫిన్లండ్‌లో లాహ్తి ఊరికి వెళ్లే దారిలో, మిట్ట వాలును తవ్వి ఆ ఇల్లు కట్టుకున్నది అర్వోనే. కింది గది సగం నేలలోనే ఉంటుంది. కూతురు మెర్వికి పదేళ్లు రాగానే, ఇక నుంచి ఇది నీ గది అని తాళంచెవి చేతికిచ్చాడు. ఉద్యోగంలో చేరాక కూడా ఆమె ఆ గది వదల్లేదు. రెండేళ్ల కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. ఒక్క సిగరెట్టు కాల్చి ఎరగని పిల్ల.

నేలలోంచి రాడాన్ అనే వాయువు వస్తుందనీ, రంగూ వాసనా లేకుండా మూసిన గదుల్లో చేరి, ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను పాడుచేస్తుందనీ, ఇలాంటి డబ్బాతో దాన్ని కొలవవచ్చనీ ఆ తర్వాతే అర్వోకు తెలిసింది. అప్పటి నుంచి అతనికి సరైన నిద్ర లేదు.

"ఇప్పుడు కొలిచి ఏం చేస్తావు?" అంది హిల్కా.

"పిల్లను నా చేత్తో నేనే చంపుకున్నానో లేదో తెలుస్తుంది."

ఆమె డబ్బాతో వచ్చిన కాగితం తీసి చదివింది. రెండు నెలలు కదపకూడదు. కిటికీలు మూసే ఉండాలి; తెరిస్తే వాయువు బయటికి పోయి అంకె తగ్గిపోతుంది. అందుకే ఇది చలికాలంలో చేసే పని.

"నువ్వే పెట్టు. నేను ఆ మెట్లు దిగలేను," అన్నాడు అర్వో.

ఆమె డబ్బా పట్టుకుని దిగింది. చలికాలమంతా తన జెరేనియం పూలమొక్కల కుండీలను ఆమె ఆ గదిలోనే దాచుకుంటుంది.

అర్వో చీకటితోనే రంపపుమిల్లుకు వెళ్లి, చీకటి పడ్డాక వచ్చేవాడు. హిల్కాకు ఆ ఏడు జలుబు వదల్లేదు. శనివారం ఆవిరిస్నానాల సౌనాలో వేడిరాళ్ల మీద నీళ్లు చల్లుతూ అతను వేళాకోళం చేశాడు.

"మిల్లులో గడ్డకట్టేది నేను, తుమ్మేది నువ్వు."

"నీ వంతు తుమ్ములు కూడా నేనే తుమ్ముతున్నా, ముసలోడా. ఇంకో చెంబు పొయ్."

మంచు కరుగుతుండగా ఫలితం వచ్చింది. కవరు విప్పడానికి అర్వోకు చేతులు రాలేదు. హిల్కా చదివింది.

"తక్కువే. ప్రమాదమనే అంకెలో సగం కూడా లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను."

"అయితే నేను కాదు."

"నువ్వు కాదు, అర్వో."

ఆ మధ్యాహ్నం అతను బూట్లయినా విప్పకుండా కుర్చీలోనే నిద్రపోయాడు. హిల్కా వంగి వాటిని విప్పి, పొయ్యి పక్కన పెట్టింది.

మర్నాడు ఆమె అంది: "అయినా సరే, నేల కింది గాలిని బయటికి లాగేసే ఆ ఫ్యానేదో పెట్టించు."

"తక్కువ వచ్చిందిగా, ఇంకెందుకు?"

"యోర్మా పెట్టించాడుగా."

"యోర్మా భార్య జుట్టుకు ఎర్రరంగు కూడా వేయించుకుంది. నీకూ కావాలా?"

"పెట్టించమన్నాను. వాదించే ఓపిక లేదు నాకు."

"సరే, ఎక్కడ బిగించాలో చూసొస్తాను."

"నువ్వు దిగడమెందుకు? మేస్త్రీని పిలుద్దాం."

"ఇప్పుడు దిగగలను, హిల్కా."

హిల్కా "జెరేనియంలు పోయాయి. ఈసారి నీళ్లు పోయడమే మర్చిపోయాను," అంది.

అర్వో మెట్లు దిగాడు. మంచం మీద మెర్వి దుప్పటి మడత చెదరకుండా ఉంది. అతను దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. చచ్చిన మొక్కలనైనా బయట పారేద్దామని కిటికీ కిందికి వెళ్లి ఒక మట్టి కుండీ ఎత్తాడు. అది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. పక్కదీ అంతే. అన్నీ పైనుంచి కిందికి నిలువునా చీలి ఉన్నాయి.

నీళ్లు లేక ఎండిన కుండీలు అలా పగలవు. నిండా తడిసిన మట్టి చలికి గడ్డకట్టి ఉబ్బడంతో పగిలిన కుండీలవి. తను మిల్లుకు వెళ్లిన ప్రతి ఉదయమూ హిల్కా ఆ కిటికీ బార్లా తెరిచి పెట్టింది.