డబ్బా మీద పేరు

తన నీళ్ల డబ్బా పట్టుకుని ఎవరో పోతుంటే మార్లిస్ ట్రైలర్ కిటికీలోంచి చూసింది.

అప్పుడే తెల్లవారుతోంది. బట్టతల, నల్ల మాస్కు, వంగిన నడక. మూడు వారాల కింద ఎక్కడినుంచో ఊడిపడి గుట్ట పక్కన పాత వ్యాన్ ఆపుకున్న దగ్గులాయనే.

డబ్బా మీద ఎర్రరంగుతో తన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. పొరపాటున పట్టుకుపోయే వస్తువు కాదు.

మార్లిస్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ అరిజోనా ఎడారిలో బళ్లలోనే కాపురముండేవాళ్లు ఏం పోయినా ఓర్చుకుంటారు గానీ నీళ్లు పోతే ఓర్చుకోరు.

మిన్నెసోటాలో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక ఆమె ఉన్న ఇల్లు అమ్మేసి ట్రైలర్‌నే ఇల్లు చేసుకుంది. ఒక్కతే మనిషి. సోలార్ పలకలిచ్చే కరెంటు చాలు. పదకొండు చలికాలాలు ఇక్కడే గడిపింది.

నీళ్లకు మాత్రం ముప్పై మైళ్ల అవతలి ఊరే దిక్కు. అక్కడ కుళాయి గదిలో, దుమ్ము పట్టిన అద్దం వెనక, టోపీ పెట్టుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. ఏటా మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బా మీది పేరు చదివి, "ఏం మార్లిస్, ఈ ఏడు కూడా బతికే ఉన్నావా?" అనేవాడు. నీకంటే ముందు పోనులే అనేది ఆమె. ఆయన పేరేమిటో ఎప్పుడూ అడగలేదు.

కరోనా వచ్చాక ఈ ఏప్రిల్‌లో ఆ గదికి తాళం పడింది. బయటి నంబరు ప్లేటున్న బండికి ఊళ్లో చుక్క నీళ్లివ్వరని బోర్డు పెట్టారు. అందరూ ఇళ్లలోనే ఉండండని రేడియో పొద్దస్తమానం చెబుతోంది. మార్లిస్ ఇల్లు నాలుగు చక్రాల మీద ఉంది. ఎక్కడికి పోవాలో ఆమెకే తెలియదు.

అయినా గొంతు తడుస్తోందంటే అది వెర్ల్ చలవే అనుకుంది.

వెర్ల్ ఆ చివర పాత బస్సులో ఉంటాడు. మాటకారి. ఊళ్లో ఎవరినో బుట్టలో వేసుకునే ఉంటాడు. ఖాళీ డబ్బా మెట్టు పక్కన పెడితే మాయమయ్యేది, మర్నాటి తెల్లవారికి నిండుగా వచ్చి కూర్చునేది.

ఆమె నోరెత్తి అడగలేదు. వాకీటాకీలో అందరూ వింటుండగా థాంక్స్ చెబితే సాయం చేసినవాణ్ణి చిన్నబుచ్చినట్టే ఇక్కడ. మూత మీద ఏదో ఒకటి పెట్టి ఊరుకోవాలి. ఆమె పీచ్ పళ్ల టిన్ను పెట్టేది.

ఇప్పుడు, రాత్రి తను బయట పెట్టిన ఆ ఖాళీ డబ్బాయే దగ్గులాయన చేతిలో ఉంది.

ఆమె వాకీటాకీ నొక్కి, దొంగ దొరికాడని చెప్పింది.

వెర్ల్ వచ్చాడు. గుట్ట కింది వ్యాన్‌లో ఉండే డోరీన్ వచ్చింది. ఒకరికొకరు ఇరవై అడుగుల దూరంలో నిలబడి ముగ్గురూ ఆయన దారికి అడ్డం నిలిచారు.

"పెద్దాయనా, మనలో మనకి దొంగతనాలేంటి? డబ్బా అక్కడ పెట్టు" అన్నాడు వెర్ల్.

ఆయన మెల్లగా కింద పెట్టాడు.

"మార్లిస్, నేను..." అనబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది.

ముగ్గురూ వెనక్కి జరిగారు.

"డబ్బా మీద చదివి పేరు పెట్టి పిలుస్తున్నాడు చూడు" అంది మార్లిస్.

డోరీన్ ఆయన బండి నంబరు ఎప్పుడో చూసిపెట్టుకుంది. "నంబరు చూస్తే ఇక్కడివాడివే కదయ్యా. నీకు ఇల్లుంటుంది. ఆ దగ్గేదో అక్కడ దగ్గుకో. మాకు పోవడానికి చోటు లేదు."

ఆయన మరోసారి నోరు తెరవబోయాడు. మళ్లీ దగ్గే వచ్చింది. చివరికి తలూపి వెళ్లి వ్యాన్ ఎక్కాడు.

దుమ్ము లేచింది. ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు.

మార్లిస్ ఖాళీ డబ్బా తెచ్చుకుని మళ్లీ మెట్టు పక్కన పెట్టింది, వెర్ల్ కోసం మూత మీద టిన్నుతో సహా.

మర్నాడు డబ్బా అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే ఉంది. ఎండ ముదిరింది. ట్రైలర్‌లో ఇంక రెండు సీసాల నీళ్లు మిగిలాయి.

నాలుగో రోజు ఆమె మర్యాద పక్కనపెట్టి వాకీటాకీ నొక్కింది.

"వెర్ల్, నా మీద కోపమొచ్చిందా? నీళ్లు తేవడం మానేశావు."

"నేనెప్పుడు తెచ్చాను? నా డబ్బా కూడా ఎండిపోయింది. డోరీన్ తెస్తోందనుకున్నా."

"నేనా?" అంది డోరీన్ గొంతు. "మార్లిస్ తెస్తోందని నేననుకుంటున్నానే."

మార్లిస్ కిటికీలోంచి గుట్ట పక్కన దగ్గులాయన వ్యాన్ ఉండిన ఖాళీ చోటు వైపు చూసింది.

వెర్ల్ డబ్బాలన్నీ బస్సులో వేసుకుని ఊరెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. డబ్బాలు ఖాళీగానే ఉన్నాయి.

బస్సు దిగి ఇరవై అడుగుల అవతలే కూలబడ్డాడు. ఊరాఫీసు మెట్ల మీద ఒకావిడ నీళ్లు లేవని చెప్పిందట. చెప్పి, మీకు యుసేబియో తెస్తున్నాడు కదా అందట. తన ఇంటి కుళాయిలోంచి పట్టి తెచ్చేవాడట. ఎవరి డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుందో కనిపెట్టడానికే ఇంటికి తాళం వేసి వ్యాన్‌లో ఇక్కడ మకాం పెట్టాడట. ఆ దగ్గు రాగిగనిలో పని చేసిన నాటిదట, ముప్పై ఏళ్లుగా ఉన్నదేనట.

"అయితే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుందాం పద" అంది మార్లిస్.

"ఇంటికి తాళం అలాగే ఉంది. ఎటు వెళ్లాడని ఆవిడ నన్నే అడిగింది. ఏం చెప్పను?"

చుట్టూ ఎటు చూసినా ఎడారే, అన్ని వైపులా దారే.

"మనమెవరో తెలియకుండానే ఇంత చేశాడా? ఎవరు వెర్ల్ ఆ మనిషి?"

వెర్ల్ తలెత్తలేదు.

"కుళాయికి తాళం వెయ్యమంటే వెయ్యనని ఉద్యోగం వదిలేశాడట. అద్దం వెనక కూర్చుని, ఈ ఏడు కూడా బతికే ఉన్నావా అని అడిగేవాడు చూడు, ఆయనే."