సోమవారం బిళ్ల

వరుసగా నాలుగో సోమవారం కూడా కొడుకు నంబరే వచ్చిందని బడి నుంచి ఫోన్ రాగానే, ఆమె కుడుతున్న చొక్కాను మిషను మీదే వదిలేసి లేచింది.

"లాటరీ అన్నాక ఒక్కసారి తగులుతుంది. ఇదేం చోద్యంరా?" అంది తమ్ముడితో.

"చోద్యం కాదక్కా, కక్ష. పద, ఇవాళ అటో ఇటో తేల్చేద్దాం," అన్నాడు తమ్ముడు కారు తాళాలు అందుకుంటూ.

ఆ బడిలో కొత్తగా మత్తుమందుల టెస్టులు పెట్టారు. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక డ్రిల్లు మాస్టారు క్లాసుకో గుడ్డసంచి తెచ్చి, అందులోంచి ఒక నంబరు బిళ్ల తీస్తాడు. ఆ నంబరు వాళ్లు సీసా పట్టుకుని నర్సు గదికి వెళ్లాలి. పదో తరగతి నిండా పిల్లలుండగా, ఆ సంచికి ఆమె కొడుకు తప్ప ఇంకెవరూ కనబడటం లేదు.

ప్రతిసారీ ఏమీ లేదనే తేలింది. అయితే మాత్రం లోకం ఊరుకుంటుందా? నిప్పు లేనిదే పొగ రాదని వీధంతా గుసగుసలు. పక్కింటావిడ తన కొడుకుని వీడితో తిరగనివ్వడం మానేసింది. ఇలాగే సాగితే పిల్లాడి మీద పడ్డ ముద్ర ఇక చెరగదు.

చెప్పుకోడానికి సిగ్గు గానీ, ఆమెకీ అనుమానం పట్టుకుంది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదంటారు. వీడికి గడ్డం ఇంకా రాకముందే తల్లికి అనుమానం వచ్చేసింది. ఇస్త్రీ చేస్తూ చొక్కాలు వాసన చూసింది. పరుపు కింద వెతికింది. ఏమీ దొరకలేదు. కానీ వాడు టెస్టంటే పెళ్లికి పిలిచినట్టు హుషారుగా వెళ్తున్నాడు. అదే ఆమెకి మింగుడు పడలేదు.

భర్త లారీ మీద ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. ఇంటికి మగదిక్కంటే తమ్ముడే. ఆదివారం వస్తే మేనల్లుణ్ణి కార్లో షికారు తిప్పేవాడు. ఈ గొడవ మొదలయ్యాక పాపం అదీ మానుకున్నాడు. ముందు ఈ టెస్టుల పీడ వదలనీ అక్కా అంటాడు. కన్నతండ్రికి కూడా అంత ఆరాటం లేదు.

"నేనొస్తే గొడవ పెద్దదవుతుంది. నువ్వే వెళ్లి కడిగెయ్," అని తమ్ముడు గేటు బయటే ఆగాడు.

ప్రిన్సిపాల్ గదిలో డ్రిల్లు మాస్టారున్నాడు. కొడుకు ఓ మూల తల దించుకుని నిలబడ్డాడు.

"ఎవరికి రాసిపెట్టుంటే వాళ్లకొస్తుందమ్మా. ఇందులో మా చేతిలో ఏముంది?" అంది ప్రిన్సిపాల్.

"పొద్దున తీసిన మావాడి బిళ్ల ఎక్కడుంది?"

"మళ్లీ సంచిలో వేసేశాను," అన్నాడు మాస్టారు నసుగుతూ.

ఆమె మాస్టారి చేతిలోని పదో తరగతి సంచి లాక్కుని బల్ల మీద బోర్లించింది. బొత్తాలు ఏరి ఏరి అలవాటైన వేళ్లు బిళ్లల్ని గబగబా తిరగేశాయి. కొడుకు నంబరు లేదు.

మాస్టారు తన చొక్కా జేబులోంచి ఆ నంబరు బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"అదీ సంగతి! నా బిడ్డ మీద ఏం పగండీ మీకు?" అని అరిచింది ఆమె.

మాస్టారు ఉద్యోగం పోయేలా ఉన్నా, పిల్లాడి వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ప్రిన్సిపాల్ మొహం మాడిపోయింది. "తప్పయిందమ్మా. ఇకమీదట మీవాడికి టెస్టే ఉండదు. ఆ బిళ్ల మీరే తీసుకెళ్లండి."

ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. బిళ్లను గుప్పిట్లో బిగించి, కొడుకుని వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చింది. గేటు బయట కారు హారన్ మోగింది.

"పదరా, మామయ్య కాచుకుని ఉన్నాడు. ఇక ఆదివారాలు మీ షికార్లకి ఏ అడ్డూ లేదు."

వాడు అడుగు కదపలేదు. చిన్నప్పుడు బడికి వెళ్లనని మారాం చేసినప్పటిలా ఆమె చేతిసంచి పట్టుకుని వేలాడాడు.

"మాస్టార్ని ఏమీ అనకమ్మా. ప్రతి సోమవారం నా నంబరే తియ్యమని నేనే ఆయన కాళ్లు పట్టుకున్నా. ఎందుకో ఆయనక్కూడా చెప్పలేదు."

"మరి నాకు చెప్పు."

వాడు గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సోమవారం నాకు టెస్టుందంటేనే, ఆదివారం మామయ్య నా నోట్లో ఆ మాత్ర వెయ్యడమ్మా."