మగపెళ్లివారి మనిషి

“ఓర్వకల్లోళ్లు ఈ శుక్రవారమే పెండ్లికి వస్తాండారు. పిల్లను తయారు చేయండన్నా.”

గడపలో నిలబడ్డ కొత్త మనిషి మాట విని, జమాల్ బాషాకు చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కూతురు నబీసాకు ఓర్వకల్లు హజరత్ వలి కొడుకుతో సంబంధం ఖాయమై రెండేళ్లు. కోడుమూరంతటినీ కూర్చోబెట్టి పలావు పెట్టి మరీ పెళ్లి చేస్తానని జమాల్ బాషా పంతం. వానలేమో ఆ పంతాన్ని లెక్క చేయలేదు. తెల్లదొరల పెద్ద యుద్ధం ముగిసిన ఈ ఏడూ చేను ఎండింది. పైగా ఊరూరా విషజ్వరాలు.

“పంట చేతికొచ్చినాక అనుకున్నాము గదప్పా,” అని నసిగాడు జమాల్ బాషా.

“పంట ఎప్పుడైనా వస్తాది. మనుషులు ఈపొద్దు ఉండారు. ఉండేదే వండన్నా.”

ఇంతకీ ఈయన ఎవరు? పెళ్లికొడుకు చిన్నాన్నో, మేనమామో అయ్యుంటాడు. అడుగుదామంటే నోరు రాలేదు. మగపెళ్లివారి మనిషిని పట్టుకుని నువ్వెవరని అడిగితే ఊరుకుంటారా? అలకలు మొదలై సంబంధమే చెడుతుంది.

అడగలేదు.

శుక్రవారం నిజంగానే బండ్లు దిగాయి. ముందు బండిలో ఆయనే.

దిగడమే తడవు నీళ్లు మోశాడు, కట్టెలు కొట్టాడు. మగపెళ్లివారు కట్టెలు కొట్టడం జమాల్ బాషా పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నికా అయింది. లోపల్నుంచి నబీసా “ఖుబూల్” అంటూ ఒప్పుకున్న గొంతు వినగానే ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అన్నం, దాల్చా వడ్డించారు. అందరూ తిన్నారు. ఆయన మాత్రం ఆ దరిదాపులకే రాలేదు.

“రెండు మెతుకులు తినప్పా,” అని బతిమాలాడు జమాల్ బాషా.

“నాకు వద్దన్నా.”

ఎంత అడిగినా అదే మాట. జమాల్ బాషాకు మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ అతను భయపడింది దీనికే. పలావు పెట్టలేదని వియ్యాలవారు ముఖం మీదే చెబుతున్నారు.

“మా కూడు మీకు ఆనదులే. తొందర పెట్టేది మీరే, ఎక్కిరించేదీ మీరేనా? పో, పోయి మీవోళ్లకాడ చెప్పుకో.”

ఆయన కోపం తెచ్చుకోలేదు.

“లోపల బిడ్డ నవ్వుతాంది, పోయి చూసుకో అన్నా,” అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి హజరత్ వలి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“బావా, మీ తమ్ముడు యాడికి పోయినాడు? కనపడల్యా.”

“నా తమ్ముడా?”

“శుక్రవారానికి మీరు సిద్ధంగా ఉండారని మాకు చెప్పింది ఆయనే గదా. పేరడిగితే మీరేమనుకుంటారోనని అడగలేదు.”

“ఆయప్ప మీ మనిషి గదా?”

“మాకు ఆయనెవరో తెలీదు బావా.”

ఇద్దరూ తెల్లమొహాలు వేశారు. దొంగైతే ఏం పట్టుకుపోయాడు? పిచ్చివాడైతే రెండూళ్లను కలిపి పెళ్లి ఎలా చేయించాడు?

“ఆయప్ప ఇంకో ఊరికి పోయింటాడు,” అన్నాడు డేగిశా దించుతున్న వంటమనిషి దాదా ఖలందర్. “నిలిచిపోయిన పెండ్లి యాడుండాదని అడుగుతా తిరుగుతాండాడు.”

“నీకు తెలుసునా? ముందే చెప్పకూడదా?”

“శుభకార్యంలో చావుమాట ఎత్తొద్దని నా నోరు కట్టేసినాడు. ఆయప్ప ఇంట్లో చావు జరిగి నలభై దినాలు కాలేదు. అందుకే పెండ్లికూడు ముట్టలేదు.”

జమాల్ బాషా చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డు దాకా పరుగెత్తాడు. ఎండ తప్ప ఎవరూ లేరు. తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు.

తిరిగొచ్చి మెల్లగా అడిగాడు.

“పోయింది ఎవరు?”

“ఆయప్ప కూతురు. మంచి పంట రానీ, ఘనంగా చేద్దామని ఆయప్ప కూడా ఆగినాడు. జ్వరం ఆగలేదు,” అన్నాడు దాదా ఖలందర్. “కడాకు పెండ్లికని పిలిపించుకున్న నాతోనే, ఆ బిడ్డ మూడోనాటి జియారత్ కూడు వండించినాడు.”