వెన్న తీసిన చెయ్యి

“చేతబడి చేసిన చెయ్యి తగిలితేనే వెన్న పడుతుందని బోస్టన్ పాస్టరుగారి మాట. చిలుకు, మెహిటబెల్!” అన్నాడు న్యాయాధికారి ఫెన్విక్.

విచారణ ఆయన వంటింట్లోనే. మెహిటబెల్ చేతబడి వల్ల మూడు రోజులుగా వెన్న పడటం లేదని ఫిర్యాదు చేసింది ఆయన భార్య హెప్సిబాయే. ఇప్పుడు మెహిటబెల్ చేతికి వెన్న పడిందా, ఇక ఉరే.

మెహిటబెల్ చిలికే పీపాను తాకి చూసింది. మంచుగడ్డలా ఉంది.

“అయ్యా, దేవుడి ఎదుట తీర్పు తప్పకూడదు. ముందు అమ్మగారు ఇంకోసారి చిలకాలి. దానికి ముందు కీర్తన పాడుకోవాలి,” అంటూ పీపాను పొయ్యి పక్కకు జరిపి, బైబిల్లోని నూట పంతొమ్మిదో కీర్తన ఎత్తుకుంది. అన్నిటికన్నా పొడుగైనది అదే. దేవుడి పాటను మధ్యలో ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కీర్తన ముగిశాక హెప్సిబా కవ్వం పట్టింది. కాసేపటికే వెన్న తేలింది.

“పడిందండోయ్!” అని అరిచి, మొగుడి ముఖం చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఫెన్విక్ వెన్నను, భార్యను మార్చి మార్చి చూశాడు.

“చేతబడీ లేదు, పాడూ లేదు. అంతా చలి!” అన్నాడు.

“తమరు చెప్పాక తిరుగేముందండీ,” అంది మెహిటబెల్, శాలువా కప్పుకుంటూ. “అమ్మగారూ, ఉప్పు వెయ్యడం మరిచిపోకండి.”