గున్నమ్మ చేతులు

మా ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సుని నేను. ఈ రోజుల్లో కాన్పు గదిలో అడుగుపెడితే ఏ నర్సయినా ఈ యంత్రపు గ్లోవులు తొడుక్కోవాల్సిందే. మన వేళ్లని అవే నడిపిస్తాయి, ఏం చెయ్యాలో అవే చెప్తాయి. వాటికి ఆ పని నేర్పింది మా ఊరి మంత్రసాని గున్నమ్మ. పదేళ్ల కిందట గ్లోవుల కంపెనీవాళ్లొచ్చి మూడు నెలలు ఆమె పక్కనే కూర్చుని ఆమె చేతుల కదలికలన్నీ రికార్డు చేసుకుపోయారు. ఆ తర్వాత ఆమెని కాన్పు గదిలోకి రానివ్వొద్దని ఆర్డరొచ్చింది. నేను రానివ్వలేదు.

ఇవాళ ఆమె మనవరాలు జయంతిని బల్ల మీద పడుకోబెట్టాను. కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది. గ్లోవులు ఆనగానే ఆ పిల్ల ఉలిక్కిపడింది, కడుపు రాయిలా బిగుసుకుంది.

"ఆపండి. పట్నం పంపండి" అన్నాయి గ్లోవులు.

గుమ్మం బయట కూర్చున్న గున్నమ్మ లేచి నిలబడింది. "సేతులు సల్లగున్నాయి నర్సమ్మా. ముందు రుద్దుకో."

వెచ్చబడేదాకా రుద్దుకుని మళ్లీ ఆనించాను. కడుపు మెత్తబడింది. బిడ్డ మెల్లగా తల కిందికి తిరిగింది.

మొదట్లో ఈ గ్లోవులు ప్రతిసారీ ముందు చేతులు రుద్దించేవి. టైమ్ దండగ, ఆ ముసల్దాని అలవాటు తీసెయ్యండని పైకి రాసింది నేనే. అన్ని ఊళ్లలోనూ తీసేశారు.

గున్నమ్మ గ్లోవుల కేసి జాలిగా చూసింది. "నా సేతులే గదా అవి. రుద్దుకోడం మర్సిపోనాయేటమ్మా? అవీ ముసిలివైపోనాయేటి?"

నేను తలెత్తలేదు.

"అవును గున్నమ్మా, మర్చిపోయాయి" అన్నాను.